చిత్రము ముందు, కత్తి తరువాత

2019 డిసెంబరు మాసమున, పది దినముల వ్యవధిలో, మన తెలుగునాట రెండు తావుల, ఒకమారు శవపరీక్ష జరిగిన దేహములకే మరల శవపరీక్ష జరుపవలసి వచ్చినది. 14వ తేదీని గుంటూరు జిల్లాలోని ఒక పట్టణ శ్మశానవాటికలో, పండ్రెండేండ్ల క్రిందట హత్యకు గురియైన యొక విద్యార్థిని సమాధిని సి.బి.ఐ. వారు త్రవ్వించి, మిగిలిన యస్థికలను పరీక్షకులకు అప్పగించిరి. 23వ తేదీని సికింద్రాబాదు గాంధీ ఆస్పత్రిలో, ఆ నెల 6వ తేదీని షాద్‌నగరు చెంత పోలీసు కాల్పులలో మరణించిన నలుగురి దేహములను, ఢిల్లీనుండి వచ్చిన అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ వైద్యులు, తెలంగాణ హైకోర్టు ఉత్తరువు ననుసరించి, రెండవమారు పరీక్షించిరి.

ఆ రెండు వ్యవహారముల బాగోగులు ఇచట మా విచారణకు విషయములు కావు. మొదటిదానిలో క్రింది న్యాయస్థానము శిక్షించిన యువకుని హైకోర్టు 2017లో నిర్దోషియని విడిచిపుచ్చినది. రెండవదానిపై సుప్రీముకోర్టు నియమించిన సిర్పూర్కర్ సంఘము, చంపవలెనను ఉద్దేశముతోనే కాల్పులు జరిగినవని, 2022లో వెలువడిన తన నివేదికలో తేల్చినది. మేము పాఠకుల దృష్టికి తేగోరునది వేఱొక సంగతి. రెండవమారు చూడవచ్చిన వైద్యుల ముందు ఏమున్నది? ఒకచోట పండ్రెండేండ్లు మట్టిలో నున్న యెముకలు. మఱియొకచోట, ఒకమారు కోసి, తెరచి, కుట్టి, పదునేడు దినములైన దేహములు. మొదట చూచినవారు ఏమి చూచిరో వారి వ్రాతవలన తెలియవలసినదే గాని, వారు చూచినదానిని వారు చూచినట్లుగనే మరల చూచుటకు ఇంకెవ్వరికిని వీలులేకపోయినది.

శవము ఒక దస్తావేజు వంటిది. కాని యది ఒక్కమారు మాత్రమే చదువదగిన దస్తావేజు. శవచ్ఛేదము చేయు కత్తి, ఒక ప్రక్క చదువుచునే వేఱొక ప్రక్క చెరపుచు పోవును. ఇందులో వైద్యుని తప్పేమియు లేదు. పని స్వభావమే యట్టిది. తెరచిన రొమ్ము మరల తెరువని రొమ్ము కాజాలదు. మన పాఠకులలో భూమి వ్యాజ్యములు నడపినవారు పెక్కుమంది కలరు. అర ఎకరము గట్టు తగవు వచ్చినచో, అడంగలును, సర్వే పటమును, రిజిస్టరు దస్తావేజును ఎందరు వకీళ్లయినను, ఎన్ని యేండ్లకయినను, నకలు తెప్పించుకొని చూడవచ్చును. మొదటి కోర్టు పొరబడినను పై కోర్టు అదే కాగితమును తన కన్నులతో చూచి తీర్పు చెప్పును. గట్టు తగవునకు ఉన్న ఈ సౌకర్యము మనిషి మరణమునకు ఇంతకాలము లేకపోయినది. లేకపోవుటకు వెనుకటి దినములలో కారణముండెను. ఇప్పుడు లేదు.

జర్మనీ దేశపు వూర్ట్స్‌బర్గు నగరమున ఆచార్య రంట్‌జన్ 1895 నవంబరు 8వ తేదీని ఎక్స్‌రే కిరణములను కనుగొనిన కొలది నెలలకే అవి న్యాయస్థానపు మెట్లెక్కినవి. 1896 ఆరంభమున మాంట్రియలు నగరములో, తుపాకిదెబ్బ తిన్న యొక మనుష్యుని కాలిలో వైద్యులు వెదకి కానలేకపోయిన గుండును, మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్ర మాచార్యులైన జాన్ కాక్సు చిత్రము తీసి చూపిరి. ఆ చిత్రమే కాల్చినవానిపై సాక్ష్యముగ నిలిచినది. అతడు బ్రదికియున్న క్షతగాత్రుడు. అయినను దేహమును కోయక దేహములోని నేరమును చూపవచ్చునను మాట ఆనాడే స్థిరపడినది. 1971 అక్టోబరులో ఇంగ్లండున హౌన్స్‌ఫీల్డు నిర్మించిన యంత్రము తొలిసారిగ ఒక రోగి తలను పొరలు పొరలుగ చూపగా, నేడు మన జిల్లా పట్టణములలో సయితము పేరెరిగిన సి.టి. స్కాను పుట్టినది.

దానిని శవాగారమునకు తెచ్చిన ఖ్యాతి స్విట్జర్లాండు వారిది. బెర్న్ విశ్వవిద్యాలయపు న్యాయవైద్యశాఖలో డిర్న్‌హోఫర్, తాలి అను వైద్యులు, శవమును కోయుటకు ముందు సి.టి., ఎం.ఆర్.ఐ. యంత్రములలో నుంచి చిత్రములు తీసి, పిమ్మట కోసి, రెంటిని సరిపోల్చి చూచిరి. 40 దేహములపై జరిపిన ఆ పరిశీలన 2003లో ప్రకటితమైనది. ఆస్ట్రేలియాలో మెల్బోర్ను నగరపు విక్టోరియా న్యాయవైద్యసంస్థ 2005లో తన శవాగారమునందే సి.టి. యంత్రమును నెలకొల్పి, అచటికి వచ్చు దేహములకు చిత్రము తీయుటను నిత్యకృత్యముగ చేసికొనినది. 2009 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రమున దావానలము 173 మందిని పొట్టనిడుకొనినప్పుడు, కాలి ముద్దలైన దేహములలో ఎవరెవరో పోల్చుటకు ఆ యంత్రమెంతయో అక్కఱకు వచ్చినది.

యంత్రము చేయు పనిని క్లుప్తముగ చెప్పుదము. దేహము చుట్టును ఎక్స్‌రే గొట్టమును త్రిప్పి, తలనుండి పాదముల వరకు పలుచని పొరలుగ వేలకొలది చిత్రములు తీయును. కంప్యూటరు ఆ పొరలను చేర్చి, ఏ వైపునుండి కావలసిన ఆ వైపునుండి చూడదగిన నిండు రూపమును నిలుపును. రోగికయినచో కిరణముల మోతాదు ఎక్కువగునేమోయని జంకవలెను; మృతునికి ఆ జంకు లేదు గనుక ఇంకను సూక్ష్మముగ తీయవచ్చును. దేహమును చుట్టిన సంచిని విప్పనైనను అక్కఱలేదు. పని నిమిషములలో ముగియును.

అది దేనిని చూపును? ఎముకను చూపును, లోహమును చూపును, చేరరానిచోట చేరిన గాలిని, రక్తమును చూపును. తుపాకిగుండు ఏ దిక్కున దూరి, ఏ యెముకను తాకి ముక్కలై, ఎచట నిలిచినదో, కత్తి ఆ దారిని కదల్పకమునుపే చూపును. ఊపిరితిత్తి చుట్టును చేరిన గాలిగాని, మెడ నరము తెగి గుండెలోనికి పోయిన గాలిగాని, దేహమును తెరచిన క్షణమున బయటి గాలిలో కలిసిపోవును. చిత్రములో అది చెదరక నిలుచును. నాలుక మూలమున గుఱ్ఱపులాడమువలె నుండు చిన్న యెముక విరిగినదా లేదా యనుట, పీక నులిమిన కేసులలో ఎన్నిమార్లు వాదమునకు వచ్చునో వకీళ్లకు తెలియును. కోయునప్పుడు అజాగ్రత్తవలన విరిగినదని ప్రతివాదులు తరచు వాదింతురు. కోయకముందు తీసిన చిత్రముండిన ఆ వాదమునకు తావే లేదు.

ఇంకొకటి కలదు. మామూలు శవపరీక్షలో తల, రొమ్ము, కడుపు తెరచి చూతురు. ముఖమును, వీపును, పిక్కలను, అరికాళ్లను విప్పి చూచుట అరుదు. లాఠీ పడునది ముఖ్యముగ ఈ తావులలోనే. తలనుండి కాలివ్రేళ్లవరకు తీసిన చిత్రము, పాదమందలి చిన్న యెముకనుగాని, వీపు ప్రక్కనున్న ప్రక్కటెముకనుగాని మఱచిపోదు. పోలీసుస్టేషనులోనో, జైలులోనో ప్రాణము విడిచిన ఖైదీ విషయమున ఈ భేదము ఎంతటిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంతవరకు యంత్రమును మెచ్చితిమి. ఇక దాని కొఱతలను చెప్పకపోవుట పాఠకులను మోసగించుటయే యగును. ఏలయన, కత్తితో ఇక పనిలేదని చెప్పు ఉత్సాహవంతులు బయలుదేరియున్నారు. వారి మాట మన దేశమున, ముఖ్యముగ మన పల్లెలలో, అపాయకరమైనది.

పల్లెలలో అకాలమరణమనగా తరచు వినవచ్చునవి మూడు: పురుగుల మందు, పాముకాటు, పొలములోని మోటారువద్ద కరెంటు షాకు. ఈ మూటిలో దేనికిని సి.టి. చిత్రము నమ్మదగిన సాక్షి కాదు. విషము చిత్రమునకు అందదు. కడుపులోని పదార్థమును, కాలేయమును, రక్తమును సీసాలలో నింపి రసాయన పరీక్షకు పంపవలసినదే. పామురూపమున వచ్చిన మృత్యువుకును, పామును సాకుగ చూపిన మృత్యువుకును భేదము చెప్పవలసినది చర్మముపై కాటును వెదకు కన్నును, రసాయనశాలయు. విద్యుత్తు తాకిన గుర్తు చర్మముమీదనే యుండును. మందు త్రాగి చనిపోయెనని యింటివారును, త్రాగించిరని పుట్టింటివారును చెప్పు కోడలి మరణములో, నిగనిగలాడు చిత్రమును చూపి కేసు మూసివేయుట సులభము. అట్టి సౌలభ్యము మాకు వలదు.

ఈ సంగతి మా ఊహ కాదు. ఇంగ్లండులో మాంచెస్టరు, ఆక్స్‌ఫర్డు నగరములందు 182 మంది మృతులకు సి.టి., ఎం.ఆర్.ఐ. చిత్రములు తీసి, పిమ్మట శవచ్ఛేదముతో పోల్చిన ఫలితములు 2012లో ‘లాన్సెటు’ పత్రికలో వెలువడినవి. సి.టి.నిబట్టి చెప్పిన మరణకారణము నూటికి 32 పాళ్లు శవచ్ఛేదముతో పెద్దగ విభేదించినది. ఇక కోయనక్కఱలేదని చిత్రము చదివినవారు ధైర్యముగ చెప్పిన మరణములలో సయితము నూటికి 16 పాళ్లు అట్లే విభేదించినవి. తప్పిపోయినవి ముఖ్యముగ గుండెజబ్బు, ఊపిరితిత్తి నాళములో గడ్డకట్టిన రక్తము, న్యుమోనియా. అనగా, మనిషిని హఠాత్తుగ తీసికొనిపోవు జబ్బులే. దీనికి విరుగుడుగ లెస్టరు నగరపు వైద్యులు, మెడలో చిన్నగాటు పెట్టి గుండెనాళములలోనికి చిత్రమున తెల్లగ కనబడు ద్రవమును ఎక్కించి, సి.టి. తీసిరి. 2017లో వారు ప్రకటించిన లెక్కలో 210 మందిలో 193 మందికి మరణకారణము చెప్పగలిగిరి. అది గొప్ప ముందంజ. కాని యది చేయి తిరిగిన వైద్యుల పని. స్విచ్చి నొక్కగా వచ్చునది కాదు.

చిత్రమును చదువుటయు ఒక విద్య. ఈజిప్టు దేశపు బాలరాజు తూతన్‌ఖామెన్ దేహమునకు 1968లో లివర్‌పూలు వైద్యులు ఎక్స్‌రే తీసినప్పుడు కపాలములో చిన్న యెముకముక్క కనబడినది. దానిని పట్టుకొని, తలపై మోది చంపిరను కథ అల్లబడి, పుస్తకములకెక్కి, మూడువేల యేండ్లనాటి మంత్రులు హంతకులుగ నిందింపబడిరి. 2005 జనవరిలో ఈజిప్టు వారే సి.టి. యంత్రముతో 1,700 చిత్రములు తీసి చూడగా, తలపై మోదిన దెబ్బకు ఆధారము లేదనియు, ఎముకముక్కలు మరణానంతరము ఊడినవనియు తేలినది. మూడువేల యేండ్ల తరువాత నిందపడిన మంత్రులకు వచ్చిన నష్టమేమియు లేదు. నేటి నిందితుడు అంతకాలము వేచియుండజాలడు. చనిపోయిన దేహములో రక్తము క్రిందికి దిగును, గడ్డకట్టును, కుళ్లినకొలది గాలి పుట్టును. ఇవన్నియు బ్రదికినవారి చిత్రములు మాత్రమే చూచి యలవాటుపడిన రేడియాలజిస్టు కన్నులకు జబ్బులవలె తోచును. కావున రేడియాలజిస్టును న్యాయవైద్యుడును ఒక్క బల్లయెదుట కూర్చుండి చదువవలెను. ఈ యిరువురిలో ఒక్కరు లేకున్నను చిత్రము మూగదో, లేక అబద్ధీకురాలో యగును.

యంత్రముండుటయే చాలదనుటకు జపాను దేశమే నిదర్శనము. జనసంఖ్యనుబట్టి చూడగా సి.టి. యంత్రములు మిక్కిలిగ నున్న దేశములలో అదియొకటి. అయినను 2007 జూనులో అచటి సుమో మల్లశాలయందు పదునేడేండ్ల బాలుడొకడు మరణింపగా, పోలీసువారు పైపైన చూచి గుండెజబ్బనిరి. దేహమును ఇంటికి తీసికొనిపోయిన తండ్రి గాయములను చూచి, శవచ్ఛేదము జరుపవలెనని పట్టుబట్టినందున నిజము బయటపడి, బాలుని కొట్టిన, కొట్టించిన వారికి, మల్లశాల యజమానితో సహా, న్యాయస్థానము శిక్ష విధించినది. ఆ తండ్రి ఊరకుండినచో? ఈ ప్రశ్న ఆ దేశమును కలచివేసినది. మరణకారణ విచారణకై ప్రత్యేక శాసనము 2012లో చేయబడి మరుసటియేట అమలునకు వచ్చినది. శవచిత్రణమునకు అచట ప్రాబల్యము హెచ్చుటకు ఇట్టి సంఘటనలు తోడ్పడినవి.

ఇక మన శాసనము. 1898 నాటి నేరవిచారణస్మృతి 174వ విభాగమున, అనుమానాస్పదముగ మరణించినవాని దేహమును, వాతావరణమును దూరమును అనుకూలించి, దారిలో కుళ్లిపోదను నమ్మకమున్నచో, సమీప వైద్యునికి పంపవలెనని కలదు. ఎడ్లబండ్లనాటి వాక్యమది. 1973లో స్మృతిని తిరుగవ్రాసిరి, వాక్యము మిగిలినది. 2023లో పరదాస్య చిహ్నములను తుడిచివేయుచున్నామని చాటి, భారతీయ నాగరిక్ సురక్షా సంహితయని సంస్కృతనామము పెట్టి, 2024 జూలై 1వ తేదీనుండి అమలుపరచిరి. 174వ విభాగము 194వ విభాగమైనది. ఎడ్లబండి మాత్రము కదలలేదు. దొరలు పోయినందులకు మేము సంతోషించువారమే; కాని వారి వాక్యము మీద సంస్కృతపు అట్టవేసి స్వరాజ్యమనుట మాకు సమ్మతము కాదు. దేహము చేరిన వెంటనే దాని స్థితిని చిత్రములో నిలుపవలెనను ఒక్క వాక్యము ఆ విభాగమున చేర్చుటకు ఎవరు అడ్డుపడిరి?

‘వెంటనే’ యను మాటను మేము ఊరక వాడలేదు. మన యెండలలో గంటలు లెక్కకు వచ్చును. పల్లెనుండి ఆటోలోనో ట్రాక్టరుమీదనో పొద్దుగూకి చేరిన శవము తెల్లవారువరకు శవాగారమున పడియుండును. సూర్యాస్తమయానంతరము శవపరీక్ష కూడదను పాత నియమమును కేంద్ర ఆరోగ్యశాఖ 2021 నవంబరులో సడలించినది నిజమే. కాని హత్య, ఆత్మహత్య, మానభంగము, కుళ్లిన దేహము, అనుమానాస్పద మరణము—ఇవి ఆ సడలింపునకు వెలియైనవి. అనగా, ఏ మరణమున ఆలస్యము ఎక్కువ కీడు చేయునో ఆ మరణమే తెల్లవారువరకు వేచియుండవలెను. కత్తికి పగటి వెలుతురు కావలెనను వాదమును మేము ఒప్పుకొందుము. ఎక్స్‌రే కిరణమునకు సూర్యునితో పనిలేదు. రాత్రి చేరిన దేహమునకు రాత్రియే చిత్రము తీసి, కత్తిని తెల్లవారినపిదప పట్టుకొనవచ్చును. కుళ్లుటవలన పుట్టిన గాలికిని, గాయమువలన చొచ్చిన గాలికిని భేదము తెలియవలెనన్న అట్లు చేయక తప్పదు.

ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో, భారత వైద్యపరిశోధనామండలి తోడ్పాటుతో, వర్చువల్ ఆటాప్సీ యను పేర ఇట్టి కేంద్రము 2021 మార్చిలో ప్రారంభమైనది. గాంధీ ఆస్పత్రిలో రెండవ శవపరీక్షకు వైద్యులను పంపిన సంస్థయే యిది. ఢిల్లీ వైద్యులపై మాకు గౌరవము కలదు. కాని తెలుగువాని మరణమున నిజము తేలుటకు ప్రతిసారి ఢిల్లీనుండి విమానము దిగవలసినదేనా? అదే సంస్థకు మంగళగిరిలో ఒక శాఖ, బీబీనగరులో ఒక శాఖ నేడు మన యెదుటనే కలవు. విశాఖ కింగ్‌జార్జి ఆస్పత్రి, గుంటూరు, కర్నూలు ఆస్పత్రులు, ఓరుగల్లు మహాత్మాగాంధీ ఆస్పత్రి, భాగ్యనగరమున ఉస్మానియా, గాంధీ—ఇవియన్నియు వైద్యవిద్యార్థులకు పాఠము చెప్పు ఆస్పత్రులు. న్యాయవైద్యాచార్యులు, రేడియాలజీ ఆచార్యులు ఒకే ప్రాకారములో నున్న తావులు. శవాగారమునకే ప్రత్యేకించిన యంత్రము నుంచి పని మొదలుపెట్టవలసినది ఇచటనే. రోగులకున్న యంత్రమునే శవములకు వాడుదమనుట సరికాదు. స్కానుకై గంటలతరబడి నిరీక్షించు రోగి వంతును మృతుడు అపహరింపరాదు. రోగి ప్రక్కన శవమును నిలుపుటయు మన మర్యాద కాదు.

ఖర్చు మాటకు వత్తము. యంత్రము ఖరీదైనదే; అందుచేతనే మేము ప్రతి శవమునకును చిత్రము కోరుటలేదు. పోలీసు నిర్బంధమునను, జైలునను, పోలీసు కాల్పులలోను కలిగిన మరణములు మొదటివి. వివాహమైన యేడేండ్లలోపల స్త్రీ మరణించినచో దేహమును పంపవలసిన సందర్భములను శాసనమే విధించియున్నది. అందు దెబ్బలు, ఉరి, కాలుడు, మేడమీదనుండి పడుట చెప్పబడినవి రెండవవి. తుపాకిగాయములు, పీకనులుమబడిన జాడలు, పోలిక తెలియని దేహములు మూడవవి. వీనికి చిత్రమును తప్పనిసరి చేసి, చిత్రము పిదప కత్తిని గూడ నడపవలెను. కారణము కన్నులకు కట్టినట్లున్న రోడ్డుప్రమాదములలో, తగవులేనిచోట, వైద్యుడు పై చూపుతోను చిత్రముతోను తృప్తిపడి, కోయక దేహమును ఇచ్చివేయవచ్చును. బీమా కచేరీవారికి కావలసినది మరణకారణము గాని కుట్లు కావు. హఠాత్తుగ బిడ్డను పోగొట్టుకొని ఆస్పత్రి వెనుక వేపచెట్టు క్రింద దేహమునకై కాచుకొని కూర్చుండిన తల్లిదండ్రులను చూచినవారెవ్వరును ఈ వెసులుబాటును చిన్నదనరు. కోయుట యన్న హిందువునకు గాని, ముసల్మానునకు గాని మనసున ములుకే. త్వరగ ఖననము చేయవలసిన మతస్థులకు ఆలస్యము మఱింత బాధ.

ఇందే యొక హెచ్చరికయు కలదు. ఇంగ్లండులో కొన్నిచోట్ల కోతను వారించుకొనుటకు కుటుంబమువారే రొక్కము చెల్లించి చిత్రము తీయించుకొను పద్ధతి వాడుకలోనికి వచ్చినది. అది మన దేశమున అడుగుపెట్టినచో ఏమగునో ఊహించుటకు జ్యోతిష్యము రానక్కఱలేదు. కలవాని యింటి మరణము గాజుతలుపుల గదిలో చిత్రముతో ముగియును. కలవాడు ఆ ముగింపును తనకు కావలసినట్లు చదివించుకొనును. లేనివాని దేహము మార్చురీ సహాయకుని కత్తికి పోవును. నేటికిని అనేక ఆస్పత్రులలో కోయునది ఆ సహాయకుడు, ప్రక్కన నిలిచి చెప్పునది డాక్టరు, అను వాడుక యుండుట ఎవరెరుగనిది? చిత్రము ప్రభుత్వ ఖర్చున, శాసన నిబంధనప్రకారము, అందఱికిని ఒక్కతీరున ఉండవలెను. లేదా అసలే వలదు.

పోలీసు శాఖ యొక సమాధానము చెప్పవచ్చును. నిర్బంధ మరణములలో శవపరీక్షను వీడియో తీయుచునే యున్నాముగదా యని. జాతీయ మానవహక్కుల సంఘము 1995 ఆగస్టులో అన్ని రాష్ట్రముల ముఖ్యమంత్రులకు అట్లు వ్రాసినమాట వాస్తవము. మంచి పని. కాని వీడియో చూపునది కత్తి పట్టినవాడు చూపదలచినదానిని. కెమెరా ఎటు త్రిప్పిన అటు. తలనుండి పాదము వరకు తీసిన సి.టి. చిత్రమునకు ఒక వైపును ఎన్నుకొను శక్తి లేదు. ఎవ్వరును అడుగని యెముకను గూడ అది వ్రాసిపెట్టుకొనును. అయిదేండ్లకు ఒక వకీలు ఆ యెముకను గురించి అడుగవచ్చును. వేఱొక రాష్ట్రపు వైద్యుడు తన బల్లకడ కూర్చుండి చూచి బదులు చెప్పవచ్చును. సమాధి త్రవ్వనక్కఱలేదు.

అందుచేతనే, యంత్రమును ఎవరు కొందురనుటకంటె చిత్రమును ఎవరు దాచుదురనుట మాకు పెద్ద ప్రశ్నగ తోచుచున్నది. 2023 సాక్ష్యాధినియమపు 63వ విభాగము, ఎలక్ట్రానిక్ ప్రతులకు ధ్రువపత్రమును, అందు ‘హాష్’ అను సంఖ్యను కోరుచున్నది. హాష్ అనగా ఆ ప్రతికి వ్రేలిముద్ర వంటిది. చిత్రములో ఒక్క చుక్క మారినను ఆ సంఖ్య మారిపోవును. చిత్రము తీసిన గంటలోనే ఆ సంఖ్యను పంచనామాలో వ్రాయించి, బంధువులచే సంతకము పెట్టించినచో, పిమ్మట ఎంతటి యధికారియైనను దానిని తాకుటకు జంకును. నిర్బంధ మరణములలో విచారణ జరుపవలసిన మేజిస్ట్రేటునకు ఒక ప్రతి నేరుగ ఆస్పత్రినుండి చేరవలెను. మృతుని కుటుంబము అర్జీ పెట్టుకొని తిరుగకయే వారికొక ప్రతి ఈయవలెను. మూలప్రతి వైద్యకళాశాల ప్రధానాచార్యుని పరముగ నుండవలెను. పోలీసుశాఖకు నాలుగవ ప్రతి చాలును.